నేను ముట్టిన పొట్లం

షెఫీల్డ్‌లో మేముండే వీధి మొత్తం ఎత్తే. కింద బస్సు దిగి పైకి నడుస్తుంటే సగం దారిలో ఊపిరి అందదు. సరిగ్గా అక్కడ ఉంటుంది ఆ కొట్టు. ఒక పక్క మంగలి షాపు, ఇంకో పక్క ఎప్పుడో మూసేసిన లాండ్రీ. లావో, థాయ్ సరుకులు దొరుకుతాయని బోర్డు. లావోస్ అనేది ఒక దేశమని అప్పటిదాకా నాకు తెలీదు. నేను చదివింది పదో తరగతి, అందులోనూ సోషల్ క్లాసంటే నిద్రే.

నేను మొదటిసారి అందులోకి వెళ్ళింది మిరపకాయల కోసం. ఇక్కడి సూపర్ మార్కెట్లో అమ్మే మిరపకాయలకు దోసకాయకున్నంత కారం కూడా ఉండదు. పొద్దున్న షిఫ్టు ముగించుకుని వస్తున్నాను. ముసలివాళ్ళ కేర్ హోమ్‌లో వంటగది పని నాది. కొట్టు కిటికీలో చిటికెన వేలంత పచ్చిమిరపకాయలు కుప్పగా కనిపించాయి. తలుపు తీయగానే అగరుబత్తీ వాసన, ఎండుచేపల వాసన కలిసి ముక్కుకు తగిలాయి. గల్లా పెట్టె పైన గోడకు ఒక అర, అందులో చిన్న బుద్ధుడు, ముందర గ్లాసులో నీళ్ళు, పళ్ళెంలో నాలుగు అరటిపళ్ళు. దేవుణ్ణి చూడగానే నా కాళ్ళు వాటంతట అవే బూట్లు విడిచేశాయి. సాక్సులతో నిలబడి దండం పెట్టాను.

గల్లా దగ్గరున్న పెద్దావిడ పొట్ట పట్టుకుని నవ్వింది. "ఇది షాపు! గుడి కాదు! వేసుకో, నేల చల్లన!" అని, పళ్ళెంలోంచి ఒక అరటిపండు తీసి నా చేతిలో పెట్టింది. నేను దాన్ని కళ్ళకద్దుకుని అక్కడే తినేశాను. ఆవిడకు అది ఎంత నచ్చిందో.

మా ఇద్దరి ఇంగ్లీషూ కలిపినా ఒక మనిషికి సరిపోదు. అయినా తెగ మాట్లాడుకునేవాళ్ళం. నేను ఆంటీ అనేదాన్ని, ఆవిడ నన్ను లూక్ అనేది. వాళ్ళ భాషలో బిడ్డ అని అర్థమట. మా కరీంనగర్ దిక్కు ఎవరినైనా బిడ్డా అంటాం కదా, అలాగే. ప్రతి గురువారం కూరగాయల వ్యాన్ వస్తుంది. గురువారం మధ్యాహ్నం రెండింటికి నా షిఫ్టు అయిపోతుంది, మూడు దాటాక పాపను స్కూలు నుంచి తీసుకురావాలి. ఆ మధ్యలో ఉన్న ముప్పావుగంట నాకూ ఆంటీకీ. కొత్తిమీర వేళ్ళతో సహా అమ్మేది. ఆ వేళ్ళు పారేయకుండా మిరపకాయల తొక్కులో వేసి దంచమని చెప్పింది కూడా ఆవిడే. నా కోసం మంచి కట్ట ఏరి తేవడానికి వెనక గదిలోకి వెళ్ళేది. వచ్చాక నా సంచి లాక్కుని సామాను తనే సర్దేది. ఎవరి సంచైనా ఆవిడే సర్దాలి. బరువు కింద, ఆకులు పైన. మనం చెయ్యి పెడితే చేతిమీద ఒకటి వేసేది.

పళ్ళెంలో పండు ఇవ్వడం మాత్రం కొన్నాళ్ళకు మానేసింది. "నువ్వే తీసుకో లూక్, అడగొద్దు," అంది. నాకు అదేమీ వింతగా అనిపించలేదు. దేవుడి ముందు పెట్టి తీసింది ప్రసాదమే కదా. ప్రసాదం తీసుకోవడానికి ఎవరినైనా అడుగుతామా? వద్దంటే తప్పు గానీ తీసుకుంటే తప్పేంటి? అలా గురువారం గురువారం ఒక పండో, ఒక బిస్కెట్టో తీసుకుని కళ్ళకద్దుకునేదాన్ని.

అది పోయినేడాది, సెలవులయ్యాక స్కూళ్ళు తెరిచిన వారం. నేను వెళ్ళేసరికి అర కింద, బియ్యం బస్తాల పక్కన, ఒక చిన్న పీట వేసి ఉంది. పీట మీద పళ్ళెం. పళ్ళెంలో అరటాకు పొట్లం ఒక్కటే, పసిపిల్ల గుప్పెడంత. పక్కన కొవ్వొత్తి కాలిపోయి మైనం ముద్దయి ఉంది. ఈ వారం ప్రసాదం కింద పెట్టిందేమిటి అనుకున్నానే గానీ ఇంకేం అనుకోలేదు. ఆంటీ కొత్తిమీర కోసం వెనక్కి వెళ్ళింది. నేను వంగి పొట్లం తీసుకుని కళ్ళకద్దుకుని కోటు జేబులో వేసుకున్నాను. ఆంటీ తిరిగొచ్చి సంచి సర్దింది. ఆ రోజు ఎందుకో ఎక్కువ మాట్లాడలేదు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. నిద్ర లేదేమో అనుకున్నాను.

బస్‌స్టాప్‌లో నేనూ పాపా విప్పాం. బంకగా ఉడికిన అన్నం, మధ్యలో అరటిపండు, కొబ్బరి. పాప వేళ్ళు నాక్కుంటూ, "మమ్మీ, ఇట్స్ సో గుడ్," అంది. నాకు ఒక ముద్దే మిగిలింది. ఆకు చెత్తబుట్టలో వేశాను.

తర్వాతి గురువారం నేను తలుపు తీయడమే ఆలస్యం, ఆంటీ గల్లా వదిలి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది.

"లూక్! నా చెల్లి వచ్చింది!"

"ఎక్కడుంది ఆంటీ?" అని వెనక గది వైపు చూశాను నేను.

"లేదు, లేదు. చెల్లి చనిపోయింది. చిన్నప్పుడే." ఆవిడ నవ్వుతోంది, ఏడుస్తోంది. ముక్కలు ముక్కలుగా చెప్పింది. వాళ్ళు దేశం విడిచి పారిపోయేటప్పుడు నది దాటారు. అన్న ఒక చేత్తో ఈవిడను, ఇంకో చేత్తో తొమ్మిదేళ్ళ చెల్లిని పట్టుకున్నాడు. నది మధ్యలో చెల్లి చెయ్యి జారిపోయింది. మళ్ళీ కనిపించలేదు. ఏటా ఒక అమావాస్యకు వాళ్ళవాళ్ళందరూ చనిపోయినవాళ్ళకు ఆకు పొట్లాలు కట్టి, తెల్లారకముందే బయట నేల మీద పెడతారట. ఈ దేశంలో బయట పెడితే నక్కలు తింటాయి. మిగతావాళ్ళవి పెరట్లో పెట్టినా చెల్లిది మాత్రం ఈవిడ లోపలే, షాపులో పెడుతుంది. ఎన్నో ఏళ్ళుగా పెడుతోంది. సాయంత్రానికి ఎక్కడిదక్కడే ఉంటుంది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా కదల్లేదు.

"ఈసారి లేదు! పళ్ళెం ఖాళీ! షాపులో ఎలుక లేదు, పిల్లి లేదు. చెల్లి తీసుకుంది."

జేబులో చెయ్యి పెట్టుకున్నాను, ఆ పొట్లం ఇంకా అక్కడే ఉన్నట్టు.

"అన్నకు ఫోన్ చేశాను. ఫ్రాన్స్‌లో ఉన్నాడు, ముసలివాడు. చిన్నపిల్లాడిలాగా ఏడ్చాడు. అయితే నా మీద కోపం లేదన్నమాట దానికి, అన్నాడు. దాని చెయ్యి వదిలింది వాడే కదా. ఇన్నేళ్ళూ వాడికి మంచి నిద్ర లేదు లూక్."

అప్పుడే చెప్పాల్సింది. ఆ నిమిషంలో చెప్పి ఉంటే సగం నవ్వు, సగం ఏడుపుతో అయిపోయేదేమో. కానీ ఆవిడ మొహం చూశాక నా నాలుక లేవలేదు. "మంచిదే కదా ఆంటీ," అన్నాను. ఆ మాట కూడా నేనే అన్నాను.

నాకు అర్థం కాకపోతే వేరే సంగతి. నాకు బాగా అర్థమైంది. మా నానమ్మ పోయినప్పుడు మూడో రోజు పిట్టకు పెట్టారు. విస్తరిలో అన్నం, ఆవిడకిష్టమైన చేపల కూర, అన్నీ పెట్టి దూరంగా నిలబడ్డాం. ఒక్క కాకి రాలేదు. మా నాయిన చేతులు జోడించి, "అమ్మా, నీ చిన్న బిడ్డ పెండ్లి నేను జేస్త, నీకు రంది వద్దు," అని బతిమాలాడు. ఎండలో గంట సేపు. చివరికి ఒక కాకి వచ్చి కూర ముట్టింది. మా నాయిన అక్కడే నేల మీద కూలబడి ఏడ్చాడు. ఆ కాకి ఎంత పెద్దదో మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ కాకి కాకి కాదు, పక్కింటి పిల్ల ఆకలేసి తిన్నది అని ఎవరైనా మా నాయినకు చెప్పి ఉంటే?

ఇంటికొచ్చి మా ఆయనతో చెప్పాను. ఆయన ఇక్కడి హాస్పిటల్లో కంప్యూటర్ల పని చేస్తాడు. మొదట నవ్వాడు.

"అంటే నువ్వు కాకివైనవన్నట్టు!"

"నవ్వకుండ్రి. నాకు అన్నం సయిస్తలేదు."

"జెప్తవా ఆమెకు?"

"చెప్పకుంటె ఎట్ల?"

"ఏ, జెప్పకు. కాకి మళ్ళొచ్చి, నాకు ఆకలై తిన్న, మీ అమ్మ రాలే అని జెప్తదా ఎక్కడన్న? ఆమె సంబురంల ఆమె ఉన్నది. ఊకో."

ఆ మాట నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. అదే పట్టుకుని ఊరుకున్నాను.

ఊరుకోవడం మొదట్లో తేలికే. కానీ ఆంటీ ఊరుకోదు కదా. వచ్చిన ప్రతివాళ్ళకూ ఆ కథ చెప్పేది. థాయ్ నర్సు ఒకావిడ నూడుల్స్ కొంటుంటే చెప్పింది, సాక్షిగా నన్ను చూపించింది. "ఈ అమ్మాయి కూడా ఆ రోజు వచ్చింది. పళ్ళెం చూశావు కదా నువ్వు?" అంది. నేను తలూపాను. అప్పటినుంచి నా సంచిలో నేను కొనని సరుకులు కూడా ఉండేవి. ఒకసారి కొబ్బరిపాల డబ్బా, ఒకసారి పచ్చి మామిడికాయ. "నువ్వు వచ్చిన రోజు చెల్లి వచ్చింది, నువ్వు మంచి కాలు," అనేది. ఆ మామిడికాయతో పప్పు చేశాను. మా ఆయన బాగుందన్నాడు. నా కంచంలోది కూడా ఆయనకే వేశాను.

పాపకు టర్మ్ మధ్యలో వారం సెలవులిచ్చినప్పుడు వెంట తీసుకెళ్ళాల్సి వచ్చింది. గల్లా దగ్గర బుట్టలో అమ్మకానికి పెట్టిన అరటాకు పొట్లాలు చూసి పాప గట్టిగా, "మమ్మీ! బస్‌స్టాప్‌లో తిన్నాం కదా, దట్ వన్!" అని అరిచింది. ఎప్పుడూ తెలుగు నోట రాని పిల్ల, ఆ రోజే సగం తెలుగులో అరిచింది, అది నా అదృష్టం. నేను పాప చెయ్యి గట్టిగా నొక్కాను. నొప్పికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి దానికి. "వై ఆర్ యూ హర్టింగ్ మీ?" అంది. ఆంటీ కంగారుపడి రెండు పొట్లాలు తీసి పాప చేతిలో పెట్టింది. దారిపొడుగునా పాప నాతో మాట్లాడలేదు. ఏ తప్పూ చేయని పిల్లను నొప్పించాను. ఎందుకో కూడా చెప్పలేకపోయాను.

కొన్ని గురువారాలు కొట్టు ముందు నుంచే వెళ్ళిపోయాను. అద్దంలోంచి చూసి బయటికొచ్చి పిలిచేది. "జ్వరమా? మిరపకాయలు దాచాను!" అనేది. మళ్ళీ లోపలికి. ఆ అర వైపు చూసేదాన్ని కాదు. పళ్ళెంలో పండు తీసుకోవడం పూర్తిగా మానేశాను. "ఎందుకు తీసుకోవు?" అని అడిగితే కడుపు బాగాలేదన్నాను. ఏడాది పొడుగునా ఎవరికైనా కడుపు బాగుండకుండా ఉంటుందా? అయినా నమ్మింది, అల్లం టీ పొట్లం ఒకటి సంచిలో వేసింది.

అలా మళ్ళీ అమావాస్య వచ్చింది. రెండు వారాల ముందు నుంచే ఆంటీ వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టింది. అన్నకు ఒంట్లో బాగాలేదట, మంచం మీద ఉన్నాడట, దీనికోసమే చూస్తున్నాడట. "రోజూ ఫోన్ చేస్తాడు. ఈసారి కూడా వస్తుందా అని అడుగుతాడు. వస్తుంది, దారి తెలుసుకుంది కదా, అన్నాను."

ఆ మాట విన్నాక ఇక చెప్పేయాలని గట్టిగా అనుకున్నాను. అమావాస్య రోజు కేర్ హోమ్‌లో బంగాళదుంపలు చెక్కుతూ ఇంగ్లీషు వాక్యాలు మనసులో కూర్చుకున్నాను. ఆంటీ, ఐ యామ్ సారీ, పోయినేడాది అది నేను. అంతే. మూడు ముక్కలు.

కొట్టులోకి వెళ్ళేసరికి రెండు దాటింది. పీట ఉంది. పళ్ళెం ఉంది. పొట్లం అలాగే ఉంది. ఆంటీ గల్లా వెనక కూర్చుని దాన్నే చూస్తోంది. జుట్టు కూడా దువ్వుకోలేదు.

"రాలేదు," అంది. "పొద్దున్న నాలుగింటికి పెట్టాను. అన్న మూడుసార్లు ఫోన్ చేశాడు. ఏం చెప్పను లూక్? కోపం వచ్చిందా దానికి? నేను ఏం తప్పు చేశాను?"

నేను కూర్చుకున్న మూడు ముక్కలూ ఎటో పోయాయి. "సాయంత్రం దాకా టైముంది కదా ఆంటీ," అన్నాను.

ఆవిడ నిట్టూర్చి లేచింది. "కొత్తిమీర తెస్తా," అని వెనక్కి వెళ్ళింది.

నేనేం ఆలోచించానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. మంచం మీదున్న ముసలాయన గుర్తొచ్చాడు. మా నాయిన ఎండలో చేతులు జోడించుకుని నిలబడింది గుర్తొచ్చింది. వంగాను, పొట్లం తీశాను. ఆ రోజు వాన లేదు, కోటు వేసుకోలేదు, జేబులు లేవు. సంచిలో వేసి, పైన నా ఏప్రన్ కప్పాను. పోయినసారి తెలియక తీసుకున్నాను. ఈసారి తెలిసి.

ఆంటీ వచ్చింది. పళ్ళెం చూసింది. చేతిలో కొత్తిమీర అలాగే ఉండిపోయింది. నా వైపు తిరిగింది, మొహం వెలిగిపోతోంది. "చూశావా? చూశావా?" అంటోంది. నేను నవ్వబోయాను. ఆవిడ అలవాటుగా, ఆ సంతోషంలోనే నా సంచి లాక్కుంది, సర్దడానికి. మిరపకాయలు కింద, ఆకులు పైన. ఏప్రన్ తీసి పక్కన పెట్టింది.

అప్పటిదాకా ఆ సంగతే నాకు తట్టలేదు. ఇన్నేళ్ళుగా ఆవిడ చేతులతో సర్దించుకున్న సంచి.

ఆంటీ సంచిలోకి చాలాసేపు చూసింది.

"పోయినేడాది?" అంది, తల ఎత్తకుండానే.

"నేనే ఆంటీ. ప్రసాదం అనుకున్నాను. దేవుడిది అనుకున్నాను. నాకు తెలీదు. మా పాప తిన్నది." మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. "ఈసారి మాత్రం తెలిసే తీశాను. మీ అన్న కోసం. మీ కోసం. సారీ ఆంటీ. సారీ."

ఆవిడ కుర్చీలో కూర్చుంది. తిడుతుందని చూశాను. తిట్టినా బాగుండేది. మెల్లగా, "నీ పాపకు నచ్చిందా?" అని అడిగింది.

"నచ్చింది."

"మొత్తం తిన్నదా?"

"ఒక ముద్ద నేను తిన్నాను."

ఆంటీ పొట్లం తీసి నా చేతిలో పెట్టింది. "నువ్వు తీశావు. నువ్వే పెట్టు. సారీ నాకు వద్దు. దానికి చెప్పు."

"ఎట్లా చెప్పను? మీ భాష నాకు రాదు కదా."

"దానికి ఇంగ్లీషు కూడా రాదు. నీ భాషలో చెప్పు."

బియ్యం బస్తాల పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను. బూట్లు ఈసారి కూడా విడిచాను. పొట్లం పళ్ళెంలో పెట్టాను. తొమ్మిదేళ్ళ పిల్లను ఏమని పిలవాలి? బతికుంటే మా అమ్మ కంటే పెద్దదై ఉండేది. "చెల్లే," అన్నాను. "తప్పైంది చెల్లే. నీ బువ్వ నేను దిన్న. నువ్వొచ్చినవని వీళ్ళు సంబురపడ్డరు, నేను నోరు మూసుకున్న. నా బిడ్డ సుత తిన్నది, దాని మీద కోపం జెయ్యకు. నువ్వు నిజంగ వస్తవో రావో నాకు తెల్వదు. వస్తె మాత్రం మీ అన్న చెయ్యి పట్టుకో." ఇంకా ఏదో అన్నాను. ఏడుపులో నాకే వినపడలేదు.

అప్పుడు ఫోన్ మోగింది.

ఆంటీ తెర చూసి, నన్ను చూసింది. అన్న అని తెలిసిపోయింది నాకు. రెండుసార్లు మోగనిచ్చింది. తర్వాత లేచి వచ్చి, వంగి, పళ్ళెంలోంచి పొట్లం తీసి నా చేతుల్లో పెట్టి, పక్కకు జరగమని వేలితో చూపించింది. నేను బస్తాల వెనక్కి జరిగాను. ఆవిడ ఫోన్ ఎత్తింది. తెర మీద బక్కచిక్కిన మొహం, తెల్లటి దిండు. ఆవిడ గొంతు గట్టిగా, సంతోషంగా వచ్చింది. ఫోన్ తిప్పి ఖాళీ పళ్ళెం చూపించింది. అటు నుంచి ముసలాయన గొంతు వణుకుతూ వచ్చింది. ఏమన్నాడో ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు. నేను బస్తాల వెనకే నిలబడ్డాను. పొట్లం ఇంకా కొంచెం మెత్తగా ఉంది.

ఫోన్ పెట్టేశాక ఆంటీ నా వైపు చూడలేదు. పొట్లం నా చేతుల్లోంచి తీసుకుని మళ్ళీ పళ్ళెంలో పెట్టి, నేను కూర్చున్న చోటే కూర్చుంది. చేతులు జోడించి తన భాషలో మాట్లాడడం మొదలుపెట్టింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ ఏం చెబుతోందో తెలుసు. నేను చెప్పినదాని కంటే చాలా ఎక్కువసేపు చెప్పింది. పోయినేడాది ఆవిడ అన్నకు నిజమే చెప్పింది, తనకు తెలిసినంత నిజం. ఈసారి తెలిసి అబద్ధం చెప్పింది. నేను నోరు విప్పకపోయి ఉంటే, ఆ సంచి నేనే సర్దుకుని ఉంటే, ఆవిడకు ఆ అవసరం వచ్చేది కాదు. నా బరువు దించుకున్నాను అనుకున్నాను. దించి ఆవిడ నెత్తిన పెట్టాను.

బూట్లు వేసుకుని వచ్చేశాను. స్కూలు గేటు దగ్గరికి వచ్చాక చూసుకుంటే సంచి లేదు. గల్లా మీదే వదిలేశాను. మిరపకాయలు, ఏప్రన్ కూడా అక్కడే ఉండిపోయాయి. పాప, "నో స్నాక్?" అంది. లేదన్నాను.

మరుసటి గురువారం వెళ్ళడానికి భయపడ్డాను. అయినా వెళ్ళాను. ఆంటీ నా సంచి గల్లా మీద పెట్టింది, ఏప్రన్ ఉతికి మడిచి ఉంది. లూక్ అని పిలవలేదు. కొత్తిమీర తెచ్చి సంచి పక్కన పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుంది.

"నువ్వే సర్దుకో," అంది.

సర్దుకున్నాను. బరువు కింద, ఆకులు పైన.